టార్చి వెలుగులో బావ

చీకటి పడ్డాక చెల్లెలు, వాళ్లాయన ల్యాప్‌టాప్ తెచ్చి నా రిపేరు షాపు బల్ల మీద పెట్టింది. బావ పోయి ఇంకా నెల కాలేదు. తెర నల్లగా ఉంది, లోపల ఫ్యాను మాత్రం సన్నగా తిరుగుతోంది.

"ఆయన ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి అన్నయ్యా. బాగవుతుందా?"

కీబోర్డు ఊడదీసి పక్కన పెట్టాను. తెర వెనక దీపం పోతే బొమ్మ ఉంటుంది గానీ కంటికి ఆనదు. టార్చి ఏటవాలుగా కొట్టి చూడాలి. కొట్టాను.

తెల్ల పేజీ మీద ఒక్కో అక్షరం పడుతోంది.

"దీన్ని బాగు చెయ్యకు బావా."

ఊడదీసిన కీబోర్డు నా మోచేతి పక్కనే ఉంది. ఎలాగో చెల్లెలికి చెప్పి, చూడమని టార్చి ఇచ్చాను. తీసుకోలేదు.

"బతికున్నన్నాళ్లూ దొంగ గొంతుతో ఫోన్లు చేసి ఆయన్ని ఏడిపించావు. పోయాక కూడానా? సిగ్గులేదూ?"

"నీ మీద ఒట్టే!"

"నీ ఒట్లు నాకు తెలీవా? ఎంతైనా సరే, రేపటికల్లా కొత్త తెర వెయ్యి."

కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను కరెంటు తీగ, బ్యాటరీ రెండూ పీకేశాను. ఫ్యాను ఆగిపోయింది. షాపంతా నిశ్శబ్దం. మళ్లీ టార్చి కొట్టాను.

మొదటి వరస కింద ఇంకో వరస పడుతోంది.

"నువ్వైనా నమ్ము."