గుమ్మం దాటనివ్వని మనిషి

"అక్కడే ఆగండి వదినా!"

నాగవల్లి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. పుష్పవతి చేతిలో అమ్మవారి కుంకుమ పొట్లం, బత్తాయిల సంచి. జగ్గయ్యపేట నుంచి బస్సులో నిలబడి వచ్చింది పాపం.

"నా తమ్ముణ్ణి చూసుకోడానికి నీ పర్మిషన్ కావాలా?"

"నాది కాదండి, డాక్టరు గారిది. కాలిన ఒంటికి ఇన్ఫెక్షన్ సోకితే మనిషి దక్కడన్నారు."

మిఠాయి కొట్లో మరుగుతున్న నూనె మీద పడి ఓంకార్ మెడా, భుజమూ కాలాయి. నందిగామ ఆసుపత్రిలో చేర్చింది మొదలు అతని భార్య ఆ గదిలో ఈగని కూడా వాలనివ్వడం లేదు. పూలు వద్దు, ప్రసాదం వద్దు. నర్సైనా సరే, ముందు చేతులు కడగాల్సిందే. బంధువులు ఊరుకుంటారా? ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి పలకరించకపోతే మన వైపు పగవాళ్ల కిందే లెక్క. ఇప్పటికే సగం మందికి కోపాలొచ్చాయి.

పుష్పవతి కళ్లొత్తుకుంది. నాగవల్లికీ మనసు చివుక్కుమంది.

"అందరికీ చెప్పినట్టే మీకూ చెబుతున్నా. ఈ బెంచీ మీద కూచుని వీడియో కాల్ చెయ్యండి. మాట్లాడిస్తా."

వరండాలో అందరూ వాడే సింకు దగ్గరికెళ్లింది. ఫోన్ గట్టు మీద పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది. మాస్కు సర్దుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. తీసుకుని గదిలోకి నడిచింది.

ఓంకార్‌కి తల తిప్పే ఓపిక కూడా లేదు. మొహం చూపించి, మాట వినపడాలని చెవి పక్కన కట్టుకి ఆనించి పట్టుకుంది.

"ధైర్యంగా ఉండరా తమ్ముడూ!"

అతని కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత గరికపాడు మేనమామ, ముక్త్యాల తోడల్లుడు, బజార్లో పక్క కొట్లవాళ్లు... వరసపెట్టి పలకరించారు.

తెల్లారేసరికి ఓంకార్ ఒళ్లు పెనంలా ఉంది. మెడ దగ్గర కట్టు తడిసింది. చీము.

నాగవల్లి వరండాలోకి పరిగెత్తింది.

"నా కళ్లు గప్పి లోపలికి ఎవరొచ్చారు? చెప్పండి!" అని నర్సుల మీద విరుచుకుపడింది. పుష్పవతి వంక కూడా అనుమానంగా చూసింది.

"నన్ను గుమ్మం తొక్కనిచ్చావా తల్లీ?" అని ఆవిడ గొల్లుమంది.

డాక్టర్ రాజ్యశ్రీ మందులు మార్చింది. మంచం, కుళాయి, నర్సుల చేతులు, నాగవల్లి చేతులు, కంటికి కనిపించినవన్నీ దూదిపుల్లలతో తుడిపించి ల్యాబుకి పంపింది. రిపోర్టు వచ్చేదాకా నాగవల్లి మెతుకు ముట్టలేదు. ఓంకార్ జ్వరమూ దిగలేదు.

"మీ చేతులు శుభ్రంగానే ఉన్నాయమ్మా," అంది రాజ్యశ్రీ కాగితం చూస్తూ. "నర్సులవీ అంతే. చీములో ఉన్న క్రిమి గదిలో ఒక్కచోటే దొరికింది."

"ఎవరు తెచ్చారండీ? వాళ్ల అంతు చూస్తా!"

అంతలో మళ్లీ ఎవరో పరామర్శకి ఫోన్ చేశారు.

రాజ్యశ్రీ గ్లవుజు తొడుక్కుని, నాగవల్లి చేతిలో మోగుతున్న ఆ ఫోన్‌ని రెండు వేళ్లతో తీసి ప్లాస్టిక్ కవర్లో వేసింది.