గూడెక్కని కోళ్లు

"ఇవాళ కూడా గూట్లోకి పోలేదండీ," అంది భార్య పెరట్లోకి తొంగి చూస్తూ.

గడియారాల మెకానిక్ అప్పుడే దుకాణం కట్టేసి ఇంటికొచ్చాడు. నిమ్మచెట్టు కొమ్మ మీద నాలుగు కోళ్లూ ముడుచుకుని కూర్చున్నాయి. పొద్దు గూకకముందే మంచు దిగుతోంది. వేసవంతా ఎవరూ తోలకుండానే గూట్లో దూరిన కోళ్లు, చలి మొదలైన దగ్గర్నుంచీ దాని ఛాయలకే పోవడం లేదు.

అవి అతని తల్లి పెంచిన కోళ్లు. పోయిన చలికాలంలో ఆవిడ నిద్రలోనే కన్నుమూసింది. వయసు మీద పడింది, గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆవిడ గది ఖాళీగానే ఉంది. కోళ్లని మాత్రం అతను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు.

పేలు పట్టాయేమోనని గూడు కడిగి సున్నం వేశాడు. పాము తిరుగుతోందేమోనని కన్నాలు పూడ్చాడు. చలిగాలి కొడుతోందేమోనని గోనెపట్టాలు కట్టాడు. ఊహూఁ, ఒక్కటీ లోపల కాలు పెట్టలేదు.

"అత్తయ్య పెంపకం కదా, ఆవిడ మొండితనమే వచ్చింది," అంది భార్య. "ఆవిడా అంతేగా! బొగ్గుల హీటరు వేడికి వెచ్చగా ఉండే గది వదిలేసి, దుప్పటి కప్పుకుని వరండాలో కూర్చునేది."

అతను చేతిసంచి కొక్కేనికి తగిలించాడు.

"వచ్చేవారం పాప మంచం ఆ గదిలో వేద్దామండీ. పరీక్షలు దగ్గరపడ్డాయి."

"వేద్దాంలే."

చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వెళ్లి, ఒక్కొక్క కోడినీ పట్టుకుని గూట్లోకి తోసి, పలక అడ్డం పెట్టేశాడు.

"పాపం, గింజుకుంటున్నాయి," అంది భార్య.

"గింజుకుంటే గింజుకోనీ. మాట విననప్పుడు మనమే లోపల పెట్టాలి. వాటి మంచికేగా!"

తెల్లారి పలక తీస్తే మూడు కోళ్లు తూలుకుంటూ బయటికొచ్చాయి. నాలుగోది లేవలేదు. ఒంటి మీద గాటు లేదు, రక్తం లేదు.

ఆగిపోయిన గడియారాన్ని విప్పినట్టే గూటిని చెక్కచెక్కా విప్పాడతను. గూడు ఆనుకున్న తమ ఇంటి గోడ మీద వెంట్రుకంత నెర్రె, దాని చుట్టూ మసి. వెంటనే హీటరు బిగించిన మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి నెర్రెలో గోరు పెట్టి గీకాడు. "హాల్లో హీటరు పొగగొట్టం ఈ గోడలోంచే పోతుంది సార్. లోపలెక్కడో పగిలింది. ఈ విషవాయువుకి వాసనుండదు. మనిషి నిద్రలో ఉంటే తెలియను కూడా తెలియదు. కోళ్లు నయం, ఒకసారి తల తిరిగిన చోటికి మళ్లీ పోలేదు."

"ఎన్నాళ్లయి ఉంటుంది?"

"ఈ మసి చూస్తే పోయిన చలికాలం నుంచే సార్. గోడకి అవతల ఏముంది?"

"మా అమ్మ గది."

మేస్త్రి తల దించుకున్నాడు. భార్య పాపని దగ్గరికి లాక్కుని గట్టిగా హత్తుకుంది. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"అయ్యో, అత్తయ్యది మొండితనం కాదండీ! తట్టుకోలేకే వరండాలోకి వచ్చేసేది. రోజూ వచ్చే మనిషి, ఆ ఒక్క రాత్రి ఎందుకు రాలేదో!"

ఆ రాత్రి గదికి బయట గొళ్లెం పెట్టింది అతనే.