తెర నల్లబడ్డప్పుడు

"ఆ నీడని చెరిపెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది!" పిన్ని ఎడిటర్‌కి చేతులు జోడించింది.

"చెరిపారంటే నేనూరుకోను!" అమ్మలు గయ్యిమంది.

పాపం, ఎడిటర్ ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. పాత సీరియళ్లని బాగుచేసి మళ్లీ జనంలోకి వదలడం అతని పని. ఈ దయ్యాల సీరియల్ ఆఖరి భాగం తీసిన టీవీ వాళ్ల దగ్గరే లేదు. కొత్త టేపుకి పైసలు రాలక, ఆ మహానుభావులు దాని మీదే ఏదో ఆటల పోటీ రికార్డు చేసుకున్నారు. లోకం మొత్తానికి మిగిలింది అమ్మలు ఇంటి అటక మీద దొరికిన ఈ ఒక్క క్యాసెట్. అదైనా, సీరియల్ వస్తుండగా వీడియో కెమెరాని స్టూలు మీద పెట్టి, టీవీకి ఎదురుగా తిప్పి తీసింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. సీరియల్లో చీకటి సీను వచ్చినప్పుడల్లా టీవీ అద్దం నల్లబడుతోంది. అందులో, గదిలో కూర్చున్న మనిషెవరో లీలగా కనబడుతోంది. ముందుకీ వెనక్కీ ఊగుతోంది. సీరియల్లో దయ్యం దీని ముందు ఏ మూలకీ చాలదు. రోజూ ఇవే చూసే ఎడిటర్‌కే ఒళ్లు జలదరించింది.

"మా బాసు కూడా తీసెయ్యమనే అన్నాడు మేడం. చూసేవాళ్లు జడుసుకుంటారట."

"అది మా అమ్మండీ!" అంది అమ్మలు. "అప్పటికి నేను నెలల పిల్లని. పిన్ని మా ఇంటికొచ్చిందే ఆ తర్వాత, అమ్మ పోయాకట. ఇంకెవరుంటారు అక్కడ? గోడ మీద ఫోటోలో తప్ప అమ్మని నేనెరగను. ఒక్కసారి కదులుతుంటే చూడాలి."

"పోయిన మా అక్కని లేపకే అమ్మలూ," పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. "నా తల్లివి కదూ, ఇంటికి పోదాం పద."

"నీకెందుకు పిన్నీ అంత కడుపుమంట? పెంచావు, కాదన్లేదు. అంతమాత్రాన అమ్మవైపోతావా?"

పిన్ని ఆ చెయ్యి వదిలేసింది. అన్నాక అమ్మలుకే మనసు చివుక్కుమంది. అయినా పట్టు విడవలేదు.

"వెలుతురు పెంచండి," అంది.

ఎడిటర్ చీకటి సీనునే తిప్పి తిప్పి వేస్తూ వెలుతురు కొంచెం పెంచాడు. ముందు తలుపు తేలింది. తర్వాత కుర్చీ. ఇంకొంచెం పెంచితే చీర కొంగు, దాని చాటున పసిగుడ్డు తల.

"పాలిస్తోందండీ," అన్నాడు మెల్లగా. "కెమెరా టీవీని మాత్రమే చూస్తుందనుకుంది కాబోలు."

"ఆ పాపని నేనే!" అమ్మలు కుర్చీలోంచి లేచిపోయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "మొహం... అమ్మ మొహం చూపించండి!"

ఎడిటర్ వెలుతురు పూర్తిగా పెంచాడు.

నల్లటి అద్దంలో అమ్మలుని రొమ్ముకి హత్తుకుని పాలిస్తున్నది, పెళ్లన్నదే ఎరగని పిన్ని.