బజ్జీల పొట్లంలో రెండువేల ఏళ్లు

చర్ల అడవి అంచున, సెల్ సిగ్నలు అందని పోలీసు క్యాంపులో తంగవేలు తమిళ జవాను. అతనికి బజ్జీలు తింటే కడుపులో మంట. అయినా రోజూ సవరమ్మ బండి దగ్గర ఒక పొట్లం కొంటాడు. భద్రాచలంలో పాత కాగితాల కొట్లో దొరికిన తమిళ సాహిత్య చరిత్రను చింపి, ఆమె ఆ పేజీల్లోనే బజ్జీలు కడుతుంది మరి.

పుస్తకం మొత్తం ఇమ్మని బతిమాలాడు.

"నీకిస్తే బజ్జీలు దేంట్ల కట్టాలె తమ్మీ?" అంది.

పైగా ఆమె చివరి పేజీ నుంచి చింపుతూ వస్తుంది. అందుకని తంగవేలుకు నవలలు ముందొచ్చాయి, భక్తి కవులు తర్వాతొచ్చారు. నడుమ కొన్ని శతాబ్దాలను బస్సు కోసం ఆగినవాళ్లు పట్టుకుపోయారు.

ఇవాళ మొదటి పేజీ వచ్చింది. నూనె తుడిచి చదివాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"ఏందట?"

"మా భాషలో అన్నిటికన్నా పాత పాటల సంగతి అక్కా. ఒక సైనికుడు అడవిలో, రాజుగారి క్యాంపులో ఉన్నాడు. వానలు మొదలయ్యేలోగా వస్తానని భార్యకు మాటిచ్చాడు. ఆమె మబ్బులు చూస్తూ కూర్చుంది."

సవరమ్మ తలెత్తింది. గోదావరి వైపు మబ్బు కమ్మింది. వానపడితే వాగులు పొంగి దారి మూసుకుపోతుంది. తంగవేలు సెలవు దరఖాస్తు ఎండాకాలం నుంచీ ఆఫీసరు టేబుల్ మీదే ఉంది.

"మరి గాయనకు సెలవిచ్చిండ్రా?"

"అది తర్వాతి పేజీలో ఉంటుంది."

"అయ్యో, గది నిన్న మీ ఆఫీసరు సారుకు పోయింది తమ్మీ. బజ్జీలు తిని, దానితోనే చేతులు తుడుచుకొని పారేసిండు."