సుగుణమ్మగారి స్టార్

డాబా మీది క్రిస్మస్ స్టార్‌ని సుగుణమ్మ విప్పి కిందికి దించేసరికి, పక్కింటి లక్ష్మీదుర్గ మెట్లెక్కి వచ్చింది.

“దింపేసేరేంటండీ?”

“మీ ఆయన్ని సముద్రం తీసుకుపోయి నెలైనా కాలేదు. మాకు పండగేంటే తల్లీ?”

“మళ్లీ కట్టేయండి సుగుణమ్మగారూ. చీకటి పడితే ఆయన దీన్ని చూసుకునే రేవుకొచ్చేవారు.”

“మంగరాజు ఇంక రాడమ్మా.”

“ఆయ్, తెలుసండి. మిగతా పడవలు రావాలి కదండీ.”

సుగుణమ్మ స్టార్ పట్టుకుని స్టూలెక్కింది. కాళ్లు వణికాయి. స్టూలు కదల్లేదు. కిందికి చూసింది.

ప్రభువు రావడానికి ఇంకా వారం ఉందనుకుంది ఇప్పటిదాకా. వచ్చేశాడు. గాజుల్లేని చేతులతో స్టూలు గట్టిగా పట్టుకుని, కిందే నిలబడ్డాడు.