తప్పిన జోడు

"గట్టిగా కొట్టమ్మా! కోలాటం ఇది, దోమల్ని తోలడం కాదు" అన్నారు జగన్నాథం మాస్టారు. గుడివాడ కల్యాణమండపంలో అందరూ నవ్వారు. వందన తల వంచుకుంది.

ఈ రెండు రోజుల కోలాటం శిబిరానికి రమ్మని నిర్వాహకులే ఫోన్ చేశారు. హాస్టల్లో సీనియర్లు పెట్టే హింస రెండు రోజులైనా తప్పుతుందని పరుగున వచ్చింది. ఆ హింస సంగతి ఇంట్లో కూడా తెలియదు.

"నన్నే ఎందుకు పిలిచారు?" ఎదురు జోడు హిమబిందును అడిగింది.

"పోయిన నెల సాయిలక్ష్మి ప్రాణం తీసుకుందిగా, జోడు తప్పింది. ఆ కర్రలు దానివే."

వందన చేతిలోని కర్రల వైపు చూసింది. కర్రలు కింద పెట్టేసి గుమ్మం వైపు నడిచింది. అక్కడ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"సాయిలక్ష్మి వాళ్లమ్మనమ్మా. వెళ్లిపోతున్నావా?"

"నాకు గట్టిగా కొట్టడం రాదండీ."

"దానికీ వచ్చేది కాదు. నోట్లో నాలుక లేని పిల్లని అందరూ మెచ్చుకుంటుంటే మురిసిపోయాను. దాని బాధేంటో నేనూ అడగలేదు, అదీ చెప్పలేదు."

వందన ఆవిడ పక్కన కూలబడింది.

"మా హాస్టల్లో..." అంది.

"చెప్పమ్మా."

లోపల మాస్టారు జోడు కోసం కేకలేస్తున్నారు. ఆవిడ చెయ్యి వదల్లేదు.