బూట్లు తొడిగిన గోడ

"తాతా, మూడోసారి కొలుస్తున్నావ్. గోడేమైనా పెరుగుతోందా?"

కాఫీ కప్పుతో గడపలో నిలబడి నవ్వింది టిరిల్. ఆమె ఆ ఇల్లు కొని ఇంకా నెల కాలేదు.

మోకాళ్ళ మీద ఉన్న ముసలి వడ్రంగి హల్వర్ తల తిప్పలేదు. మడత కొలబద్దను నేలకు ఆనించి నిలబెట్టి, అంకె కాగితం మీద రాసుకున్నాడు.

"ఈ ఇంట్లో మూడుసార్లు చాలదమ్మాయ్. నాలుగోది కూడా ఉంది."

గది చుట్టూ నడుం ఎత్తు దాకా పాత చెక్క తాపడం. పలకలు చక్కనివే. కానీ కింద, నేల దగ్గర, జానెడు వెడల్పు అడ్డచెక్క ఒకటి గది పొడవునా కొట్టి ఉంది. ఈ హార్డాంగర్ తీరంలో మరే ఇంట్లోనూ అంత వెడల్పు అడ్డచెక్క లేదు.

"దీన్ని బూట్లు తొడిగిన గోడ అంటారటగా ఊళ్ళో?"

"అంటారు."

"ఏ మొద్దు చేశాడో!"

"ఆ మొద్దును నేనే."

టిరిల్ నాలిక కరుచుకుంది.

అప్పుడతనికి పంతొమ్మిదేళ్ళు. మొదటి పని. నేల ఎగుడుదిగుడు. పలకలన్నీ ఒకే పొడవుండవు. సాయంత్రం కొలిచి, ఏ పలక అంకె ఆ పలక వచ్చేచోటే గోడ మీద రాసి ఇంటికి వెళ్ళేవాడు. పొద్దున్నే వచ్చి ఆ అంకెల ప్రకారం నాలుగైదు పలకలు కోసేవాడు. తీరా నిలబెడితే వేలెడు పొట్టి. మళ్ళీ కొలవడం, మళ్ళీ కోయడం, మళ్ళీ పొట్టి. అయిదు రోజుల పని మూడు వారాలు సాగింది. చివరికి మేస్త్రి వచ్చి, "ఉన్న కలపంతా తినేశావు కదరా! ఆ సందులు కప్పి తగలెయ్!" అని అరిచి, అడ్డచెక్క కొట్టించాడు.

ఆ మూడు వారాల్లో దక్కిందల్లా ఒకటే. రోజూ పదకొండింటికి ఆ ఇంటి అమ్మాయి సిగ్నే, వేడివేడి వాఫిల్స్ మీద మేకజున్ను పెట్టి తెచ్చేది. మరుసటి ఏడు వాళ్ళ పెళ్ళయింది.

నలభై తొమ్మిదేళ్ళూ ఆటపట్టించింది. పరదా కడ్డీ బిగించాలన్నా, "ఆ టేపు నాకివ్వు, నీ కొలతల సంగతి ఊరందరికీ తెలుసు" అనేది. అని, ముఖం పక్కకు తిప్పుకుని నవ్వేది. హల్వర్ మాత్రం అప్పటినుంచి ప్రతి పలకా మూడుసార్లు కొలిచాడు. మళ్ళీ ఎప్పుడూ ఒక్కటీ తప్పలేదు.

సిగ్నే పోయి మూడేళ్ళు. ఈ వేసవికి పనిశాల మూసేస్తున్నాడు. ఇల్లు చేతులు మారిందని విని తనే వచ్చి అడిగాడు. "ఆ గోడ బూట్లు నన్నే విప్పనివ్వమ్మా. ఆ ఒక్కటీ సరిగ్గా కొలిచి, కొలబద్ద మడిచేస్తాను."

టిరిల్ అతని మేకుల సీసా అందించింది. ఒకప్పటి జామ్ సీసా. అంటించిన చీటీ ఇంకా ఉంది: నీలి బెర్రీ, 2017. మేకు కావలసినప్పుడల్లా ఆ రాత కళ్ళబడుతుంది. అతనికి అదొక మేలు.

"ఏడుకు నడుం మధ్య ఈ అడ్డగీత ఏంటి తాతా?"

"బెల్టు. మా సిగ్నే రాత. బెల్టు లేకపోతే ఏడుకు లాగు జారిపోతుందట."

"నువ్వూ పెడతావా?"

"నా ఏడు ఎప్పుడూ బెల్టు లేకుండానే తిరిగింది. ఇంతవరకూ జారలేదు."

అడ్డచెక్క ఊడింది. తర్వాత పలకలు, ఒక్కొక్కటిగా. వెనక గోడ మీద ఆనాటి పెన్సిలు అంకెలు బయటపడ్డాయి. హల్వర్ మొదటిదాని దగ్గర కొలబద్ద నిలబెట్టాడు.

"ఎనభై తొమ్మిది."

గోడ మీది అంకె టిరిల్ చదివింది. "ఎనభై ఏడు! రెండు సెంటీమీటర్లు మింగేశావ్ తాతా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. పక్కది కొలిచాడు. మళ్ళీ ఎనభై తొమ్మిది. గోడ మీద ఎనభై ఏడు. ఆ పక్కదీ అంతే.

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, గోడకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. ఎనిమిది తనదే. దాని పక్కన ఎవరో రుద్ది చెరిపారు. ఆ మరక కింద తన తొమ్మిది గాడి ఇంకా లీలగా కనిపిస్తోంది.

చెరిపినచోట ఎక్కించి రాసిన ప్రతి ఏడుకూ నడుముకు బెల్టు ఉంది.